మీసం వచ్చిన ముక్క

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది ఎండాకాలం. విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల సందులో నా కొట్టు. ఒక జిగ్‌సా మిషన్, ఒక స్టూలు, చెక్కపొడి. జిగ్‌సా అంటే సన్నటి రంపం బ్లేడు నిలువుగా పైకీ కిందకీ ఆడే మిషన్. చెక్కని ఎటు తిప్పితే అటు కోసుకుపోద్ది. ఇళ్లకి తగిలించే నేమ్ ప్లేట్ల అక్షరాలు కోయడం నా పని. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు, ఒక్క అక్షరం చదవడం రాదు. ఎవరన్నా గీసిస్తే గీత మీద కోసేవాడిని. కొన్ని వందలమంది పేర్లు కోశాను, ఏది ఎవరిదో తెలియకుండానే.

నాతో బొమ్మల పజిళ్లు కోయించింది గవర్నర్‌పేట రత్తమ్మ గారు. మైలవరం వైపు వ్యవసాయం చేసి, మోకాళ్లు పోయాక కూతురు విజయలక్ష్మి గారి దగ్గరికొచ్చి ఉంటోంది. కూతురు ఆఫీసుకి పోతే పగలంతా ఒక్కతే. ఎవరో ఇచ్చిన అట్ట పజిల్ ఒకటి చేసి చేసి అంచులు నలిగిపోయాయి. చెక్కమీదయితే నిలుస్తాయని విజయలక్ష్మి గారు కేలండర్ బొమ్మలు తెచ్చారు. వాటిని ప్లైవుడ్ మీద అతికించి, ఒక ముక్క బుడిపె పక్కముక్క గుంటలో కూర్చునేట్టు రెండొందల ముక్కలు చేసిచ్చాను. చిలకలు, పూలతోటలు, మంచుకొండలు, పడవలు. ఏడాదిలో పద్నాలుగు కోశాను.

ఆవిడ చేస్తుంటే చూడముచ్చటగా ఉండేది. కిటికీ దగ్గర కూర్చుని ఆకుపచ్చవి ఒక కంచంలో, నీలంవి ఒక కంచంలో, ఎర్రవి ఇంకో దాంట్లో వేరుచేసుకునేది. ముందు అంచులు, తర్వాత లోపలివి.

"బొమ్మ పక్కన పెట్టుకోండమ్మగారూ, తొందరగా అవుద్ది" అన్నానొకసారి.

"బొమ్మ చూసి చేసేదానికి ఇన్ని ముక్కలెందుకయ్యా మస్తానూ? కేలండరే గోడకి కొట్టుకుంటాను" అంది. "ముక్క తన చోట కూర్చుంటే వేలికి తెలుస్తుంది. కళ్లు మోసం చేస్తాయి గానీ వేలు చేయదు."

ఆ వేసవిలో విజయలక్ష్మి గారు కేలండర్ కాకుండా ఇంటి ఫొటో పెద్దది చేయించి తెచ్చారు. తల్లి, తండ్రి, తను, తమ్ముడు. స్టూడియోలో నీలం తెర ముందు నిలబడ్డారు. తమ్ముడు రాంబాబు. పద్దెనిమిదేళ్లప్పుడు సైకిలు రిపేరుకిచ్చి వస్తానని వెళ్లి తిరిగి రాలేదు. పన్నెండేళ్లయింది. ఆచూకీ లేని మనిషి కోసం పన్నెండేళ్లు చూసి, చనిపోయినట్టే లెక్కేసి కర్మ చేస్తారట వాళ్లలో. చుట్టాలు పెద్దావిడని ఎలాగో ఒప్పించారు. వచ్చే నెలలో చేద్దామని.

"ఈలోపు వాణ్ణి ఒక్కసారి నా చేత్తో పేర్చుకుంటానంటోంది అమ్మ, మస్తాన్ గారూ. ముఖం మాత్రం ముక్కలు చేయొద్దంది."

ముఖాలు ముక్కలు చేయకపోవడం నా పద్ధతి కూడా. మనిషి ముఖం మీద రంపం నడపడం నాకు మనసొప్పదు. తల చుట్టూ కోసి ముఖమంతా ఒకే ముక్కగా ఉంచుతాను.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆ రోజుల్లో మధ్యాహ్నాలు కరెంటు తీసేసేవాళ్లు. ఉన్న కాసేపట్లో రెండు పనులు కావాలని, రెండు పలకలు ఒకదానిమీద ఒకటి పెట్టి, మూలల్లో మేకులు కొట్టి ఒకేసారి కోసేవాడిని. డబుల్ కటింగ్ అంటాం. పై పలక ముక్కలూ కింది పలక ముక్కలూ అచ్చు ఒకలాగే వస్తాయి. కేలండర్ బొమ్మలకయితే ఏం కాదు. ఫొటోలకి చేయకూడదు, కింది ఫొటోలో ముఖాలు ఎక్కడ తెగుతాయో కనపడదు. ఆ రోజు చేశాను. కింద పెట్టింది అంతకు రెండు రోజుల ముందు ఎవరో పజిల్ చేయమని ఇచ్చిన ఫొటో. అదీ నీలం తెరే, ఆరుగురు మనుషులు. ఇచ్చినతను కరెంటు లేనప్పుడు వచ్చాడు, తలమీద తువ్వాలు, వెనక ఎండ. పేరూ ఊరూ చీటీ మీద తనే రాసిచ్చి వెళ్లాడు. మనిషిని సరిగ్గా చూడలేదు నేను. గీతలు చూసేవాడిని గానీ ముఖాలు చూసే అలవాటు లేదు నాకు.

పజిలిచ్చిన మూడో రోజు విజయలక్ష్మి గారు ఆఫీసుకి వెళ్లకుండా నా కొట్టుకొచ్చారు.

"మా తమ్ముడి ముఖం మారిపోయిందండీ."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. వెంట వెళ్లాను.

బల్లమీద ఫొటో పూర్తయి ఉంది. తల్లి, తండ్రి, కూతురు, ఎలా ఉన్నవాళ్లు అలాగే. రాంబాబు చొక్కా, రాంబాబు చేతులు. మెడ పైన మాత్రం ముప్పై ఏళ్ల మనిషి ముఖం. మీసం, చెంపల దగ్గర సన్నబడ్డ చర్మం, మనవైపే చూస్తున్న కళ్లు. వెనక నీలం తెర రంగులో రంగు కలిసిపోయింది.

రత్తమ్మ గారు మాత్రం హాయిగా ఉంది. "పన్నెండేళ్లయింది కదయ్యా. మీసం రాదా?" అంది.

 నేను దాచలేదు. "అమ్మగారూ, ఇది నా తప్పు. రెండు ఫొటోలు కలిపి కోశాను. విడదీసేటప్పుడు ఒక ముక్క మారింది. అది వేరే ఫొటోలో మనిషి. రెండూ ఒకే కోత, ఏది పెట్టినా సరిపోద్ది."

"రెండొందల ముక్కల్లో ఇంకేదన్నా మారిందా?" అంది పెద్దావిడ.

"లేదండీ."

"మరి ఇదొక్కటే ఎందుకు మారింది?"

 కింది ఫొటోలో ఆ మనిషి తల సరిగ్గా రాంబాబు తల కిందకే ఎందుకొచ్చిందో నాకూ తెలియదు.

"కర్మ వద్దని చెప్పు వాళ్లకి" అంది కూతురితో, ముక్కమీద బొటనవేలు పెట్టి.

విజయలక్ష్మి గారు ఆ ముక్క తల్లినడిగి పట్టుకుని నాతోపాటే కొట్టుకొచ్చారు. రెండో ఫొటో తీసి పేర్చాను. ఐదుగురు కొత్తవాళ్ల మధ్య రాంబాబు పద్దెనిమిదేళ్ల ముఖం వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ ఆ ముఖం మీదకి వంగారు.

"వాడి ఎడమచెవి తమ్మెకి చిన్న నొక్కు ఉండాలి. కుక్క పీకింది. ఈ రెండో అతని చెవి చూస్తే తేలిపోతుంది."

భూతద్దం పెట్టి చూశాం. తల చుట్టూ కోసేటప్పుడు నా బ్లేడు సరిగ్గా ఆ తమ్మె మీదుగా పోయింది. బ్లేడు మందం ఎంతో అంత మేర చెక్క పొడయిపోద్ది, దాంతోపాటు బొమ్మ కూడా. రెండు ఫొటోల్లోనూ ఆ తమ్మె లేదు. ఆ పొడి నేనే ఊడ్చేశాను.

"ఇచ్చినతను ఎవరు? పేరు?"

చీటీ వెతికాను. జిగురు డబ్బా దగ్గర దొరికింది. బ్రష్షు తుడుచుకున్నాను దాంతో. చదవడం రానివాడికి చీటీ అయినా చిత్తు కాగితమయినా ఒకటే. నల్లగా బిగుసుకుపోయింది, విప్పబోతే పొడిపొడిగా రాలింది.  ఆవిడ తిట్టుంటే బాగుండేది.

ఆ మనిషి తన ఫొటో కోసం మళ్లీ రాలేదు. విజయలక్ష్మి గారు ఆ పలక పట్టుకుని తెలిసిన స్టూడియోలన్నీ తిరిగారు. ఎవరూ గుర్తుపట్టలేదు, పలక మళ్లీ నా అరమీదకే వచ్చింది.

ఆ ఏడే మా సందులో పెద్దవాళ్లకి సాయంత్రం బడి పెడితే చేరాను. మనవలున్న వయసులో పలక పట్టుకున్నావేంటి సాయిబూ అని పక్క కొట్టువాళ్లు నవ్వారు. నవ్వనీ.

ఏడేళ్ల తర్వాత రత్తమ్మ గారు పోయారు. పదో రోజు దాటాక విజయలక్ష్మి గారు ఆ పెట్టె తెచ్చారు.

"మా తమ్ముడి ముక్క మీ దగ్గరే ఉందిగా, పెట్టేయండి. వాడి కర్మ కూడా చేయించేస్తాను. ఇంక నావల్ల కాదు."

పజిల్ పేర్చి, ఆ ముఖం ముక్క బయటికి తీశాను. పెద్దావిడ బొటనవేలు పడి పడి మీసం ఉన్నచోట రంగు అరిగిపోయింది. మీసం లేని ఆ ముఖాన్ని ఇద్దరం చూశాం.  అరమీద నుంచి రాంబాబు ముక్క తెచ్చి పెట్టాను. పట్టలేదు. ఏడు వానాకాలాల చెమ్మకి ఉబ్బింది. అరిగిన ముక్క పెట్టాను. టక్కున కూర్చుంది.

"ఉప్పు కాగితం పట్టిస్తే ఇదీ పడుద్దండీ, రెండు నిమిషాల పని" అన్నాను.

ఆవిడ తను కూడా ఆ ముక్కని ఒకసారి తీసి, పెట్టి, వేలితో తడిమారు. "వద్దులెండి" అన్నారు. పెట్టె మూసుకుని వెళ్లిపోయారు. కర్మ చేయించలేదని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత నేను ఫొటోలకి డబుల్ కటింగ్ చేయలేదు. ప్రతి ముక్క వెనకా పెన్సిల్‌తో పేరు రాస్తాను, మెల్లగా అయినా నేనే రాస్తాను. నా అరమీదున్న ముక్క వెనక రాంబాబు అని రాశాను. విజయలక్ష్మి గారి పెట్టెలో ఉన్న ముక్క వెనక కూడా ఆ రోజు పెన్సిల్ పెట్టబోయాను. ఏం రాయాలని ఆవిడ వైపు చూశాను. ఆవిడా నా వైపే చూశారు. ఆ ఒక్కటీ ఖాళీగానే ఉంది.