అవ్వ పెట్టమన్న స్టేషను

నా చిన్నప్పుడు మా బాపు ఏటా ఒకసారి రేడియో కొందామని నిజామాబాద్ వెళ్ళేవాడు, ఏటా వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. మాది బోధన్. నిజాంసాగర్ కాలువ కింద కొద్దిపాటి చెరకు ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరకు పైసలు రాగానే బాపు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కేవాడు. పాటలు వినాలన్న మోజేమీ ఆయనకు లేదు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, మిలిట్రీలో ఉండేవాడు. సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు, "అన్నా, ఒక రేడియో కొను. నా ఉత్తరం ఆలస్యమైనా మేము ఏ దిక్కున ఉన్నమో ఎరుకైతది" అని చెప్పి పోయాడు. బాపు తల్లి, మా అవ్వ, ఆ మాటను మనసులో పెట్టుకుని కూర్చుంది.

మొదటి ఏడు దుకాణంలో ఒక చిన్న సెట్టు చూశాం. పొట్టిగా, బియ్యం కొలిచే డబ్బాలా ఉండేది. హైదరాబాద్ స్టేషను మాత్రం వస్తుందన్నారు. మాకు అదే చాలు, కానీ బాపు దగ్గర పైసలు కొంచెం తక్కువపడ్డాయి. మరుసటి ఏడు ఆ తక్కువపడ్డది జమచేసుకుని పోతే, ఈలోగా ధర మా కంటే ముందు నడిచిపోయింది. ఆ పై ఏడు వెళ్ళేసరికి అద్దాల బీరువాలో ఆ సెట్టే లేదు.

"చిన్నయి చేసుడు బంద్ చేసిండ్రు పటేలా. ఇగ గీ పెద్దయే" అన్నాడు దుకాణదారు.

పెద్దవి నిగనిగలాడే కర్రపెట్టెలు. ముందు భాగంలో పచ్చటి కన్నులాంటి దీపం, లోకంలోని ఊళ్ళ పేర్లన్నీ రాసిన గాజు పలక. బాపు ఒకదాని మీద చెయ్యి వేసి, ధర విని, కాలినట్టు తీసేశాడు. తిరుగు బస్సులో కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూనే కూర్చున్నాడు. నిచ్చెనకు కింది మెట్టు ఊడదీసి, ఇక ఎక్కండి అన్నట్టుంది మా పని. ఎందుకో తెలియదు కానీ ఆ రోజే నాకు మొదటిసారి భయం వేసింది. చిన్నాయన వైపు తెరిచి ఉండాల్సిన తలుపేదో మూసుకుపోయిందనిపించింది.

ఆ తరువాతి వానకాలంలోనే పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది.

అప్పటి భయాన్ని ఎట్లా చెప్పను? పోస్టుమాన్ మా గల్లీలోకి తిరిగితే అమ్మ చేతిలో పని ఆగిపోయేది. అతను మా ఇల్లు దాటాకే మళ్ళీ చెయ్యి కదిలేది. ఫ్యాక్టరీ పొగగొట్టం ఆకాశం నుంచి బాగా కనబడుతుందని, శత్రువుల విమానాలు దాని కోసమే వస్తాయని బళ్ళో పిల్లలు చెప్పేవారు. నేను బడికి పోతూ వస్తూ ఆ పొగగొట్టం వైపు చూడకుండా తల వంచుకుని నడిచేదాన్ని. బజారులో ఒక హోటల్ ముందు రేడియో మోగేది. అక్కడ మగవాళ్ళ గుంపు. బాపు అక్కడ విన్నది ఇంటికొచ్చి చెప్పేవాడు. అయితే సగం వార్త, సగం ఆ గుంపులోవాళ్ళు కల్పించింది. ఏది ఏదో ఆయనకూ తెలిసేది కాదు.

అప్పుడు మమ్మల్ని పిలిచింది పక్కింటి ముస్లిం ఆవిడ, పిన్ని అన్నట్టు ఆమెను ఖాలా అనేవాళ్ళం. ఆమె భర్తకు బట్టల దుకాణం ఉండేది. మేము కొనలేకపోయిన పెద్ద రేడియో లాంటిదే వాళ్ళింట్లో ఉండేది. రోజూ సాయంత్రం దీపాలు పెట్టకముందే గోడ మీదుగా, "రా అవ్వా, ఢిల్లీ ఖబర్లు అయితున్నయి" అని కేకేసేది. అవ్వా నేనూ వెళ్ళి చాప మీద కూర్చునేవాళ్ళం. నిజాం కాలంలో పెరిగిన మనిషి కాబట్టి అవ్వకు ఉర్దూ తెలుసు. నాకూ ఆడుకునే చోట పట్టుబడిన ఉర్దూ ఉండేది. వార్తలు అయిపోగానే ఖాలా టక్కున రేడియో ఆపేసి, మీద గుడ్డ కప్పేసేది. ఇంకే స్టేషనూ పెట్టేది కాదు. గుడ్డ కప్పాక కూడా ఆమె చెయ్యి కొంతసేపు దాని మీదే ఉండేది.

ఖాలా చెల్లెలిని కరాచీ సంబంధానికి ఇచ్చారు. అది గల్లీ అంతటికీ తెలుసు. యుద్ధం రాకముందు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆమె ఏ స్టేషను వింటుందో కనిపెట్టాలని సైకిల్ దుకాణం మనిషి అందరితో అంటున్నాడు.

ఒక సాయంత్రం బాపు హోటల్ దగ్గర ఒక మాట విని వచ్చాడు. మన విమానాలు కరాచీ మీదికి పోయాయట. నిజమో కాదో ఆయనకు తెలియదు. మేము వెళ్ళేసరికి ఆ మాట ఖాలా చెవినా పడి ఉంది. ఢిల్లీ వార్తల్లో దాని ఊసే రాలేదు. ఆమె రేడియో ఆపబోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అవ్వ ఆమెను కాసేపు చూసి, "నీ చెల్లె ఉన్న ఊరి దిక్కు తిప్పు బిడ్డా" అంది.

"వద్దవ్వా. ఎవలన్న ఇంటే మమ్ముల బతుకనియ్యరు."

"నేను గడపల కూసుంట. నువ్వు తిప్పు."

అవ్వ నిజంగానే లేచి వెళ్ళి గడప మీద కూర్చుంది. ఖాలా మీట తిప్పింది. గురగుర, ఈలల మధ్య నుంచి ఒక మగగొంతు పైకొచ్చింది.  చిన్నాయన మీద తుపాకి పట్టినవాళ్ళ గొంతు అది. అది నేరుగా మా చాప మీదికి వచ్చి కూర్చున్నట్టనిపించింది. నేను ఖాలాకు దూరంగా జరిగాను. ఆమె పెదవులు ఏదో ప్రార్థనలా కదులుతున్నాయి. పోస్టుమాన్‌ను చూసినప్పుడు మా అమ్మ పెదవులూ అట్లాగే కదిలేవి. అది గుర్తొచ్చి, జరిగినంత దూరమూ మళ్ళీ దగ్గరికి జరిగాను.

అంతలో బయట చెప్పుల చప్పుడు. సైకిల్ దుకాణం మనిషి ఇంకొందరిని వెంటేసుకుని వచ్చాడు. ఒకరి చేతిలో కర్ర ఉంది. ఖాలా చెయ్యి మీట దగ్గరే బిగుసుకుపోయింది, ఆపడానికి కూడా కదలలేదు.

"ఏం స్టేషన్ పెట్టిండ్రవ్వా? జరుగు, మేం సూడాలె" అన్నాడతను.

అవ్వ గడప మీది నుంచి లేవలేదు. "కరాచీ. నేనే పెట్టుమన్న."

"నువ్వా?"

"నా కొడుకు ఆళ్ళ మీదికే పోయిండు. ఆళ్ళు ఏమంటుండ్రో నేను ఇనొద్దా? నీ ఇంట్లకెల్లి ఎవలన్న పోయిండ్రా? పోతే లోపలికి రా, కూసోని ఇను. లేకుంటే నడువు."

 మిలిట్రీలో కొడుకున్న తల్లిని గడప మీది నుంచి లాగే ధైర్యం ఆ గల్లీలో ఎవరికీ లేకపోయింది. కర్ర పట్టుకున్నవాడే ముందు వెనక్కి తిరిగాడు. సైకిల్ దుకాణం మనిషి ఏదో గొణుక్కుంటూ చివరన వెళ్ళాడు.

రేడియోలో గొంతు ఇంకా చెబుతూనే ఉంది. కరాచీలో బజార్లు తెరిచే ఉన్నాయని, జనం తిరుగుతున్నారని అంటోంది. ఆ మాట నిజమో కాదో మాకేం తెలుసు? ఖాలాకు మాత్రం అది చాలింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

యుద్ధం ఆగింది. చిన్నాయన కాలికి గాయంతో ఇంటికొచ్చాడు, ఆ కాలు చివరిదాకా కొంచెం ఈడ్చేవాడు. ఖాలా చెల్లెలు క్షేమంగానే ఉందని బంబయి బంధువుల ద్వారా చాలా నెలలకు కబురందింది. కొన్నేళ్ళకు చేతిలో పట్టే ట్రాన్సిస్టర్లు వచ్చాయి. బాపు చివరికి ఒకటి కొన్నాడు. అయినా అవ్వ సాయంత్రం వార్తలకు ఖాలా ఇంటికే పోయేది.

ఆ సాయంత్రం గురించి ఇంకొక సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మనుషులు వెళ్ళిపోయాక అవ్వ నన్ను మంచినీళ్ళు అడిగింది. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే అది ఆమె పళ్ళకు తగిలి టకటకలాడింది. నీళ్ళు సగం చీర మీదే పడ్డాయి. గడప మీద అంత గట్టిగా మాట్లాడిన మనిషి లోపల అంత భయపడి ఉందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు నాది అవ్వ వయసు. నాకూ భయాలున్నాయి, వయసుతో అవేమీ తగ్గలేదు. అవి పోయాక నోరు తెరుద్దామని మాత్రం నేను ఎప్పుడూ ఆగలేదు.