ఐసు ఫ్యాక్టరీ అరుగు

బస్సు బ్రేకు చుస్సుమంటే చాలు, ఇప్పటికీ నేను కుదురుగా కూర్చోలేను. నిన్న కాకినాడ బస్సు కాంప్లెక్సులోనూ అంతే. నా బస్సు కాకపోయినా ఆ చప్పుడుకి లేచి నిలబడ్డాను. డ్రైవరు సత్తిబాబుగారు గుర్తొచ్చారు.

మాది యానాం రోడ్డులో చేపలు పట్టేవాళ్ళ ఊరు. పోలియో వల్ల అమ్మ చేతికర్రల మీద నడిచేది. కాకినాడలో ఆమెకి కుట్టుపని, నాకు బడి. రోజూ బస్సు ఆగీ ఆగకముందే నేను లోపలికి దూరి, అమ్మ కోసం సీటులో కర్చీఫు వేసేదాన్ని. మూడో తరగతిలో ఒకరోజు నేను కర్చీఫు వేస్తూనే ఉన్నాను, బస్సు కదిలిపోయింది. అమ్మ కిందే ఉండిపోయింది. నా ఏడుపు విని సత్తిబాబుగారు బస్సు ఆపి, వెనక్కి నడిచి వెళ్ళారు.

"తప్పు నాదేనమ్మా. అద్దంలో చూసుకోలేదు," అన్నారు అమ్మతో. తర్వాత నాతో, "సీటు సంగతి నేను చూస్తాను. ముందు అమ్మ, తర్వాత నువ్వు. నువ్వు కింద ఉంటే నేను బండి కదపను. సరేనా?" అన్నారు.

మర్నాటి నుంచి ఆయన బస్సును స్టాపు దాటించి, ఐసు ఫ్యాక్టరీ అరుగుకి ఆనించి ఆపేవారు. చేపల ట్రేల బండ్లు తోయడానికి ఒకవైపు వాలుగా కట్టిన అరుగది. అమ్మ ఆ వాలు మీదుగా వచ్చి నేరుగా బస్సు మెట్టు మీద కాలు పెట్టేది. జనం విసుక్కుంటే, "మీరు నాలుగడుగులు వెయ్యగలరు కదండీ, రండి," అనేవారు. ఎత్తు మెట్లెక్కే కష్టం తప్పాక, అమ్మ నా బడి మీటింగుకి మొదటిసారి వచ్చింది ఆ ఏడాదే. నేను క్లాసులో అందరికీ అమ్మని చూపించుకున్నాను.

ఆయన రిటైరయ్యాక వచ్చిన డ్రైవరు, "స్టాపు అక్కడుందండి," అని తేల్చేశాడు. ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేక, నెల తిరక్కుండా అమ్మ పని మానేసింది. మళ్ళీ నా బడి చూడలేదు. సత్తిబాబుగారిని తలుచుకుంటే ఎంత ప్రేమో, అంత మంట కూడా. మా అమ్మ బడికి రావడం ఒక్క మనిషి మంచితనం మీద ఎందుకు ఆధారపడాలి?

నిన్న కాంప్లెక్సులో బ్రేకు వేసిన ఆ బస్సు దగ్గర చక్రాల కుర్చీలో ఒకాయన, పక్కన ఏడెనిమిదేళ్ళ కూతురు. ఆ పిల్ల చేతిలో కర్చీఫు. మెట్టెక్కబోతుంటే పరుగున వెళ్ళి ఆపాను.

"ముందు నాన్న," అన్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. "ఎక్కండి మేడమ్, టైమైపోతోంది!"

ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాను.

"ఇది నా బస్సు కాదండి. ఆయన ఎక్కేదాకా మాత్రం కదలనివ్వను."

కండక్టరు దిగి వచ్చి, చక్రాల కుర్చీకి ఒక పక్క చెయ్యి వేశాడు.