గంజి పెట్టిన సీడీలు

ప్రపంచంలో మొట్టమొదట సీడీకి బట్ట కట్టినవాడు భివండిలోని సుందర్‌రాజు. అంతకుముందు సీడీలన్నీ దిసమొలతో తిరిగేవి. ఈ సంగతి చెవినబడి జపానువాళ్ళు ఆయన ఉండే టెంఘర్‌కు ఒక మనిషిని పంపారు కూడా. పాపం, అతను కళ్యాణ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, రెండు వడాపావులు తిని వెనక్కి వెళ్ళిపోయాడు.

సరే, జపాను మనిషి మాట తీసేయండి. ప్రపంచం కూడా కొంచెం పెద్దదైంది, మహారాష్ట్ర అనుకుందాం. అదీ ఎక్కువంటే ఆఖరి బేరం ఇది: 2004 జులైలో, టెంఘర్‌లో భూమయ్య సాంచాల షెడ్డును, అంటే మరమగ్గాల షెడ్డును, ఆనుకుని ఉన్న ఎనిమిది గదుల చాలీలో, సీడీలకు కోరా గుడ్డతో సంచులు కుట్టించిన మొదటి మనిషి సుందర్‌రాజే. ఆఖరి మనిషి కూడా ఆయనే. ఇంత నాశనం ఇంకెవరికీ చేతకాలేదు.

సుందర్‌రాజు పని తప్పులు వెతకడం. భూమయ్య షెడ్డులో నేసిన ప్రతి తానూ ఆయన బల్ల మీదుగా పోవాలి. తెగిన పోగు, నూనె మరక, పల్చబడ్డ నేత ఎక్కడున్నా సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చుట్టిన సున్నాలు వరుసగా పెడితే నిజామాబాద్ దాకా వెళ్ళొచ్చు. తన మీద సున్నా చుట్టుకోవడం మాత్రం ఎప్పుడూ గుర్తురాలేదు.

చిన్నప్పుడు ఆ నిజామాబాద్‌లోనే ఒక కాన్వెంటులో తోటమాలి కొడుకుగా చేరి, ఎనిమిదో తరగతి దాకా సిస్టర్ల దగ్గర చదివాడు. ఆ చదువు వల్ల గుండ్రని చేతిరాత అబ్బింది, అన్నానికి ముందు గోళ్ళు చూసుకునే అలవాటు అబ్బింది, ప్రశ్న పూర్తి కాకముందే చెయ్యెత్తే జబ్బు కూడా అంటుకుంది. సిస్టర్లు పోయారు, గోళ్ళు అరిగాయి, జబ్బు మిగిలింది.

ఆయన భార్య శారమ్మ ఆ షెడ్డులోనే ఇరవై మూడేళ్ళు కండెలు చుట్టింది. నాడెలో పెట్టే ఆ చిన్న కర్రలకు నూలు చుట్టుకుంటూ పొద్దస్తమానం పాడేది. పాటలు తనవే. కండె తిరిగే వేగానికి తగ్గట్టు ప్రభువు మీద మాటలు కట్టుకునేది. ఎక్కడా రాసి పెట్టలేదు, రాయడం రాదు. సాంచాల చప్పుడులో ఆమె పెదవులు కదలడం తప్ప ఎవరికీ ఏమీ వినపడేది కాదు. “మా ఆడామె మస్తు పాడ్తది. సూస్తే తెలుస్తది” అని సుందర్‌రాజు గొప్పగా చెప్పేవాడు. తను కూడా చూడడమే గాని, ఒక్క పాటా మొదటి నుంచి చివరి దాకా విన్నవాడు కాదు.

భివండిలో శుక్రవారం సాంచాలు బంద్. అలాంటి ఒక శుక్రవారం వాళ్ళ తెలుగు సంఘం పాస్టరు శామ్యూల్ అయ్యగారు చాలీలోకి వచ్చి, గిన్నెలు తోముతున్న శారమ్మ పాట విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. సంఘానికి ఆ జులైలో పాతికేళ్ళు నిండుతాయి. ఆ పండుగకు శారమ్మ పాటలు ఎనిమిది సీడీగా తెద్దామన్నాడు.

ఠాణేలో ఒక చిన్న స్టూడియోలో ఒకే రోజు ఎనిమిది పాటలూ పాడి బయటికొచ్చింది శారమ్మ. చీర చెంగు చెమటతో ముద్దయిపోయింది.

“ఇగ మల్ల గా డబ్బల కూసునుడు నాతోని కాదు. పానం పోయినట్లయింది. ఇదే మొదలు, ఇదే ఆఖరు” అంది.

స్టూడియోవాళ్ళు తమ దగ్గర రికార్డింగు నెలకంటే ఎక్కువ ఉంచరు. ఒక సీడీ చేతిలో పెట్టారు. కంప్యూటర్ దుకాణంలో పనిచేసే కోడలు గ్రేస్ దాన్ని తల్లి సీడీ అని పిలిచి, దాని నుంచి రెండు వందల పిల్లల్ని తీసింది.

“ఇగ వీటికి కవర్ల సంగతి ఎవరు చూస్తరు?” అని అయ్యగారు అడగబోయాడు. ‘ఇగ వీటికి’ దగ్గరే ఒక చెయ్యి లేచింది. ఎవరిదో చెప్పక్కర్లేదు.

మర్నాడే సుందర్‌రాజు కొడుకు మోజెస్ నడిపే టెంపో ఎక్కి కాశేలి గోదాములకు పోయాడు. అక్కడ డబ్బాలు అమ్మే పెద్దమనిషి అయిదారు రకాలు బల్ల మీద పరిచాడు. సుందర్‌రాజు ఒక్కోటీ తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వెలుగుకు ఎత్తి చూసి, అంచులు లాగి, ఆఖరికి వాసన కూడా చూశాడు.

“చాచా, యే కప్డా నహీ హై. డబ్బా హై, డబ్బా!” అన్నాడు గోదాము మనిషి, ఇది గుడ్డ కాదయ్యా అని.

“సబ్ ఏక్ హీ హై” అన్నాడు సుందర్‌రాజు. అన్నీ ఒకటేనట. ఆ ఒక్క మాట దగ్గరే కథ ముగించి ఇంటికి పంపితే సరిపోయేది.

నమూనాలు ఇంటికి తెచ్చి పరీక్ష పెట్టాడు. మొదటిది గాజులా మెరిసే గట్టి ప్లాస్టిక్ డబ్బా. చూడముచ్చటగా ఉంది. లోపల ముద్రించిన కాగితం పెట్టుకోవచ్చు, నిలబెడితే పక్క అంచు మీద పేరు కనబడుతుంది. దాన్ని గోడకున్న చెక్క మీద పెట్టాడు. గోడ అవతల ఇరవై నాలుగు సాంచాలు. ఆ గోడకు తగిలించిన అద్దం కూడా ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది, సుందర్‌రాజు గడ్డం మీది గాట్లే సాక్ష్యం. సాయంత్రానికి డబ్బా లోపల సీడీని పట్టుకునే పళ్ళు మూడు రాలిపోయి, తీసి ఆడిస్తే చంటిపిల్లల గిలక్కాయలా మోగింది. మూత తెరవబోతే శారమ్మ చేతిలోకి మూత, సుందర్‌రాజు చేతిలోకి డబ్బా వచ్చాయి.

కాగితం కవరు చవక, తేలిక. నడుమ గుండ్రటి కిటికీ కూడా ఉంది. కానీ షెడ్డు నుంచి ఎగిరొచ్చే దూది నుసికి ఆ మడత ఒక లెక్కా? రెండు రోజుల్లో లోపల సీడీ మీద మీసాలు మొలిచాయి. అట్ట కవరు కింద పడేసినా పగలలేదని సంబరపడ్డాడు. ఆ సంబరం వాన మొదలయ్యేదాకానే. చెమ్మకు అది అప్పడంలా ఉబ్బి, సీడీని లోపలికి మింగి మళ్ళీ కక్కనంది. పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టింది దానికే అతుక్కుపోయింది. సినిమాల కోసం వచ్చే పొడుగాటి నల్ల డబ్బా ఒక్కటే అన్నిటికీ తట్టుకుంది. గట్టిది, పట్టు వదలదు.

“గిదే తీస్కుందాం” అన్నాడు సుందర్‌రాజు.

శారమ్మ ఆ డబ్బా మందం చూసింది, తర్వాత అయిదుగురు పడుకునే గది చూసింది. “గివి రెండు నూర్లు గదిల పెడితే మనం యాడ పండాలె? డబ్బల్ల పండాల్నా?”

అక్కడ ఆగిపోయినా బాగుండేది. కానీ ఆ రోజు మధ్యాహ్నం బల్ల మీద ఒక తాను పరుచుకుంటూ వచ్చింది. అప్పుడే సాంచా దిగిన కోరా గుడ్డ. గంజి పట్టించిన నూలుతో నేసింది గనుక అట్టలా నిటారుగా, చిటికేస్తే టక్కుమనేలా ఉంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. పగలదు, ఉబ్బదు, మడిస్తే మడత నిలుస్తుంది. సొంత ఊరి సరుకు. శారమ్మ కండెల నూలే ఆమె పాటకు బట్ట!

చిన్న చిన్న తప్పులున్న ఒక తానుముక్క ఇవ్వడానికి భూమయ్య ఒప్పుకున్నాడు గానీ ఒక మాట అన్నాడు. “సుందరన్నా, గంజి గుడ్డ. ఓపాలి ఉడకేసి ఉతికి కుట్టియ్యి.”

“ఉతికితే మెత్తగైతది భూమన్నా. గట్టిదనం పోతే ఇగ గుడ్డకు ఇజ్జత్ ఏముంటది?”

గంజి దిగని గుడ్డే మంచి గుడ్డ అని ముప్పై ఏళ్ళు వేళ్ళతో నమ్మిన మనిషి. భూమయ్య తానుముక్క చుట్టి చేతిలో పెట్టాడు. సుందర్‌రాజు దగ్గరుండి రెండు వందల ఒక్క సంచి కుట్టించి, ఒక్కోదాని మీద గుండ్రటి అక్షరాలతో ‘శారమ్మ పాటలు’ అని రాశాడు. మొదటి సంచిలోకి, గౌరవంగా, తల్లి సీడీని దించాడు. అన్నీ ఇనుప పెట్టెలో సర్ది మూత వేశాడు. బయట జులై వాన పట్టుకుంది.

తొమ్మిది రోజులు వదలలేదు.

పండుగ ఆదివారం. ముందు శుక్రవారం సాంచాలు ఆగాక శారమ్మ మొగుడితో మెల్లగా అంది, “మోజెసు నాయినా, ఒక్కపాలి పెట్టున్రి. నేను ఎట్ల పాడిన్నో నేనే ఇనలే.”

సుందర్‌రాజు పెట్టె తెరిచాడు. పులిసిన అంబలి వాసన గుప్పుమంది. తల్లి సీడీ సంచిలోంచి రాలేదు. లాగితే చర్రుమని వచ్చింది. దాని మెరిసే మొహం మీద తెల్లటి జిగురు, ఆ జిగురు మీద నిలువు పోగు, అడ్డ పోగు, నేత మొత్తం అచ్చు దిగి ఉంది. ఆయన చూపు అలవాటు కొద్దీ ఒక చోట ఆగింది. తెగిన పోగు కూడా అచ్చు పడింది.

మనవరాలు బ్లెస్సీకి ఆరేళ్ళు. తొంగి చూసి, “తాతా, యే తో చిపక్ గయా!” అని, అది అతుక్కుపోయినందుకే చప్పట్లు కొట్టింది.

“ఏంగాలే, ఏంగాలే” అంటూ సుందర్‌రాజు లుంగీ అంచుతో సీడీని గుండ్రంగా, గట్టిగా, పళ్ళెం తుడిచినట్టు తుడిచాడు. గ్రేస్ “మామా, వద్దు, గట్ల రుద్దొద్దు!” అని అరుస్తూ వచ్చేసరికి చుట్టూ గీతలు పడిపోయాయి. మిషనులో పెడితే కిర్రు కిర్రుమని తిరిగి ఆగిపోయింది. తల్లి సీడీ పోయింది. స్టూడియోలో నెల దాటిపోయింది. మిగిలింది ఆ పెట్టెలోని రెండు వందలు. ఒక్కోటీ తీస్తుంటే ఒక్కోటీ అట్లే ఉంది.

సుందర్‌రాజు పెట్టె పక్కన నేల మీద కూలబడ్డాడు. “ముప్పై ఏండ్లు మంది తాన్లల్ల సున్నలు సుట్టిన. అసలు సున్న ఈడ కూసుంది” అన్నాడు. ఎవరూ కాదనలేదు. కనీసం బ్లెస్సీ అయినా కాదంటుందేమోనని చూశాడు. ఆ పిల్ల కూడా తలూపింది.

శారమ్మ మాత్రం ఒక సీడీ తీసుకుని వేలితో గోకి, నాలిక మీద పెట్టుకుని చూసింది.

“గంజే గదా” అంది. “నీ అంగీలకు పెట్టెడిది నేనే, తీసెడిది నేనే. లెవ్వున్రి. నీళ్ళు కాగవెట్టున్రి.”

గోరువెచ్చని నీళ్ళ బకెట్‌లో పది పది నానబెట్టింది. పాత మెత్తని చీర ముక్కతో తుడవబోతే గ్రేస్ చెయ్యి పట్టుకుని చూపించింది. “గుండ్రంగ కాదు అత్తమ్మా. నడుమల నుంచి అంచుకు, సీదాగ.” శారమ్మ అట్లే తుడిచింది. తడి ఆరడానికి ఎక్కడ పెట్టాలి? భూమయ్య షెడ్డు నుంచి ఖాళీ కండెలు గంపెడు వచ్చాయి. వాటిని నిలబెట్టి, ఒక్కో కండె మీద ఒక్కో సీడీని తొడిగారు. సన్నటి కర్ర సగం దాకా దూరి, సీడీ అక్కడే కదలకుండా కూర్చుంది. సుందర్‌రాజుకు ఇచ్చిన పని నీళ్ళు మోయడం. తుడవడానికి గుడ్డ ఇవ్వాలని ఎవరూ అనుకోలేదు, ఆయన కూడా అడగలేదు.

మొదటిది ఆరాక గ్రేస్ మిషనులో పెట్టింది. ఒక్క క్షణం గరగర. ఆ తర్వాత శారమ్మ గొంతు.

గోడ అవతల ఒక్క సాంచా కదలడం లేదు. పాట మొదలై, సాగి, పూర్తయింది. సుందర్‌రాజు కాగు చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళకు పెళ్ళాం పాట ఒకటి పూర్తిగా విన్నాడు. ఆమె గొంతు కొంచెం బొంగురుదని ఆయనకు అంతవరకూ తెలియదు. ఆ బొంగురే బాగుంది.

“ఎట్లుంది?” అంది శారమ్మ, బకెట్ వైపే చూస్తూ.

ఆయన వెతికాడు. అలవాటు కొద్దీ వెతికాడు. “పాస్” అన్నాడు.

రెండు వందల్లో నూట తొంభై మూడు పాడాయి. ఆదివారం అవి కండెల మీదే ఊరేగుతూ ప్రార్థన హాలుకు వెళ్ళాయి, కవర్లు మాత్రం లేవు. జనం చేతులు చాచి నిలబడ్డారు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు బస్సుల్లో వెనక్కి పోవాలి. సుందర్‌రాజు తల దించుకుని నేల మీద ఏదో వెతుకుతున్నాడు.

శారమ్మ ముందు వరుసలోని ముసలమ్మ చేతిలో బైబిలు చూసింది. అందరి బైబిళ్ళలాగే దానికీ జిప్పు కవరు ఉంది. “నీ బైబిల్ ఇయ్యక్కా” అంది. జిప్పు తీసి, కీర్తనల దగ్గర తెరిచి, ఒక పల్చటి కాగితం కప్పి సీడీ పెట్టి, మూసి, జిప్పు లాగింది. పగలదు, ఉబ్బదు. దూది పోదు, వాన పోదు. ఎవరూ పారేసుకోరు. అయిదు నిమిషాల్లో హాలంతా జిర్రు జిర్రుమని జిప్పుల చప్పుడు.

“ఈ ఆలోచన ఎవరిది?” అన్నాడు శామ్యూల్ అయ్యగారు ఆశ్చర్యంగా.

సుందర్‌రాజు చెయ్యి తనంతట తనే సగం దాకా లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టి కిందికి లాగి, “ఆమెది” అన్నాడు.

చాలీలో ఈ కథ అయిదేళ్ళుగా తిరుగుతోంది. మొన్న బ్లెస్సీ, ఇప్పుడు పదకొండేళ్ళది, స్కూలు నుంచి వస్తూనే అడిగింది. “తాతా, తూ సీడీ కో గంజి లగాయా థా? సచ్చీ?”

సుందర్‌రాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, గుండ్రంగా.

“ఎవరు చెప్పిండ్రు నీకు? అంత ఉత్తదే. సీడీ లేదు, సంచి లేదు, గంజి లేదు. నేను కాన్వెంటుల సదివినోణ్ని బిడ్డా, నేనెందుకు గట్ల చేస్త?”