గేటు తీసినాను

మా సుభాష్‌పల్లి దేవమణికి బ్రాంచి అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. రైల్వే వర్క్‌షాప్ ఫిట్టరు కూతురు. మెయిన్ లైను నుంచి చీలిన లైను మళ్లీ కలవొచ్చు, కలవకపోవచ్చు. తొంభై ఆరులో ఆమె పనిచేసే కంప్యూటరు ఆఫీసులో ప్రోగ్రాములూ అలాగే రాసేవారు. అసలు ప్రతి ఒకచోట ఉంటుంది. కొత్తది ప్రయత్నించేవాడు దాన్నుంచి ఒక బ్రాంచి చీల్చుకుని, మార్పు చేసినప్పుడల్లా ఏం చేశాడో ఒక ముక్క రాసి దాచాలి. ఆ ముక్కలే దాని చరిత్ర.

వాటిని వివరంగా రాయమంటే ఆమెతో పనిచేసే ఆర్థర్‌కు ఎక్కడలేని బద్ధకం. యార్డులో పెట్టెల్ని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే షంటింగ్ నేర్పే ప్రోగ్రాం అతని బ్రాంచిలోనే పెరిగింది. ఆ యార్డు కూడా అతని ఊహే, ఎక్కడా లేదు. పక్షవాతంతో అతనికి మాట పడిపోయాక ఆ పని దేవమణి నెత్తిన పడింది. సోమవారానికి అసలు ప్రతీ, అతని బ్రాంచీ రెండూ కలిపి ఇవ్వాలి, కుదరకపోతే ఆర్థర్‌ది పారేసి పాతదే ఇచ్చేద్దామన్నాడు యజమాని. రెండేళ్ల కష్టాన్ని పారెయ్యడం ఆయనకెంత తేలికో.

తేడాలన్నీ తెర మీద కనిపించాయి. అన్నీ అర్థమయ్యాయి, ఒక్కటి తప్ప. అసలు ప్రతిలో, పట్టాలకు రోడ్డు అడ్డొచ్చేచోట గేటు మూసి ఉందో లేదో చూసుకున్నాకే బండి కదులుతుంది. ఆర్థర్ బ్రాంచిలో అలా చూసుకోమనే వరుసలు లేవు. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో అతని తెలుగు: "గేటు తీసినాను."

తీయడం అంటే ఏ తీయడం? ఆ రోడ్డే వద్దనుకుని గేటును తొలగించాడా? లేక పరీక్ష కోసం తెరిచి, మళ్లీ వెయ్యడం మరిచాడా? మొదటిదైతే అలాగే ఉంచాలి, లేదంటే లేని గేటు కోసం చూస్తూ బండి కదలనే కదలదు. రెండోదైతే, రోడ్డు మీద జనం ఉండగానే బండి నడపడం నేర్పినట్టవుతుంది. ఒకే మాటను ఇన్ని పనులకు వాడుకునే మన భాష మీద నాకైతే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆదివారం ప్రార్థన కాగానే ఆమె ఆసుపత్రికి వెళ్లింది. ఆర్థర్ భార్య ఆలిస్ మంచం పక్కకు స్టూలు జరిపింది.

"అన్నా, గేటు తీసినానని రాసినావు. పీకేసినావా, తెరిసినావా?"

అతని పెదవులు కదిలాయి. జవాబు తెలిసినవాడి కళ్లే అవి. చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"మాటకోసం కష్టపడకన్నా. సెయ్యి నొక్కు, సాలు. పీకేస్తే ఒక్కసారి, తెరిస్తే రెండుసార్లు."

దేవమణి అతని మంచి చేతిని పట్టుకుంది. అతను గట్టిగా నొక్కాడు. రెండోసారి నొక్కాలన్నా ముందు వదలాలి కదా. ఆమె ఎదురుచూసింది. అతను వదల్లేదు. ఆలిస్ వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీసేదాకా వదల్లేదు.

మర్నాడు దేవమణే పాత ప్రతి ఇచ్చి వచ్చింది.