నేను సరిదిద్దిన స్కోరు

కరోనా సద్దుమణిగిన మరుసటి చలికాలం నన్ను మా పత్రిక జోన్ పేజీల డెస్కుకు ఇన్‌ఛార్జిగా వేశారు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల వార్తలను రోజూ రెండు పేజీల్లో సర్దడం నా పని. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. ఆటల వార్తల్లో దేనికి ఎంత చోటివ్వాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలనని గర్వంగా ఉండేది.

లెక్క సులభమే. గెలవాల్సిన జట్టు గెలిస్తే సింగిల్ కాలమ్‌లో నాలుగు లైన్లు, పేజీ అడుగున. ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టు గెలిస్తే వార్త పైకెక్కుతుంది. చుట్టూ గీతలు కట్టి బాక్స్ చేస్తాం, ఫొటో తెప్పిస్తాం. అయితే బాక్సుకు ముందు ఇంకో మెట్టుంది. వింత స్కోరు కనిపిస్తే ముందు అనుమానించాలి. మండలాల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్లు సగం వార్త బండి మీదే టైపు చేస్తారు. పేర్లు తారుమారు కావడం వాళ్లకు కొత్త కాదు, పట్టుకోవడం మాకూ కొత్త కాదు.

ఒక శనివారం సాయంత్రం పేజీని ముద్రణకు వదలడానికి పది నిమిషాలుందనగా చేవెళ్ల కంట్రిబ్యూటర్ శ్రీశైలం, అక్కడి మైదానంలో జరుగుతున్న మహిళల కబడ్డీ పోటీల క్వార్టర్ ఫైనల్ ఫలితం పంపాడు. మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్ జట్టుకు 37, నగరం నుంచి వచ్చిన కాలేజీ జట్టుకు 9. ఆ కాలేజీ అమ్మాయిలు కిందటేడు కప్పు పట్టుకుపోయినవాళ్లు. హిమాయత్‌నగర్ జట్టేమో పూల తోటల్లో కూలికి పోయే ఆడవాళ్లది. నవ్వొచ్చింది. శ్రీశైలానికి ఫోన్ చేస్తే కలవలేదు. జట్ల పేర్లు అటూ ఇటూ మార్చి, నాలుగు లైన్లు చేసి, పేజీ అడుగున పెట్టేశాను. ఒక తప్పు పట్టుకున్న తృప్తితో టీ కూడా తాగాను.

ఆదివారం నాకు వీక్లీ ఆఫ్. పొద్దున్నే శ్రీశైలం ఫోన్. తను పంపిన స్కోరు సరైనదేనని, హిమాయత్‌నగర్ నుంచే మాట్లాడుతున్నానని చెప్పి, పక్కనే ఉన్న జట్టు కెప్టెన్ మంజులకు ఫోనిచ్చాడు. ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"సార్, మేం గెలిచినం. పేపర్ల ఓడినమని అచ్చయ్యింది. పగటాల్ల పన్నెండు గంటలకు సెమీస్ ఉన్నది. మా మామ పోనిస్తలేడు. ఓడినోళ్లకు మల్ల ఆటేంది, అబద్ధం జెప్పి ఏడికి పోతున్రు అంటున్నడు. ఇంక మూడిండ్లల్ల గిదే లొల్లి."

జట్టులో ఉన్నదే ఏడుగురు. నలుగురు ఆగిపోతే ఆటే లేదు. మా పద్ధతి ప్రకారం తప్పుకు సవరణ మర్నాడు అదే పేజీలో వేయాలి. మర్నాటికి సెమీస్ ముగిసిపోతుంది. నేనే వస్తున్నానని చెప్పి మెహిదీపట్నంలో బస్సెక్కాను.

ఆ ప్రయాణం ఇప్పటికీ నిజంగా చేశానో, కలలో చేశానో అన్నట్టుగానే ఉంటుంది. దట్టమైన మంచు. కిటికీ అవతల బంతి తోటలు పసుపుగా తేలి వచ్చి, చూస్తుండగానే మునిగిపోయేవి. రెండుసార్లు కునుకు పట్టింది. ఆ కునుకులో ముప్పై ఏడూ తొమ్మిదీ మెల్లగా చోట్లు మార్చుకుంటూనే ఉన్నాయి. ఎవరో భుజం తట్టి దిగమన్నారు. రోడ్డు మీద షేర్ ఆటో పట్టుకున్నాను. మంచులో ఆ ఆటో నేల మీద నడుస్తున్నట్టే అనిపించలేదు.

మంజుల మామ నర్సింలు అరుగు మీద పేపరుతో కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పి, పేర్లు మార్చింది నేనేనని ఒప్పుకున్నాను. ఆయన నాకు మంచినీళ్లు ఇప్పించి, ఆట చూశావా అని అడిగాడు. లేదన్నాను.

"సూడకుండనే ఎట్ల మార్చినవ్ సార్?"

కూలికి పోయేవాళ్లు కాలేజీ పిల్లల మీద గెలవరనుకున్నానని ఉన్నమాట చెప్పాను. ఆయన పేపర్లో ఆ నాలుగు లైన్ల మీద వేలు పెట్టాడు.

"నేను గూడ గట్లనే అనుకున్న," అన్నాడు. "పేపర్ల గట్లనే ఉండె."

తర్వాత పేపరు నా ముందు పెట్టి, తప్పయిందని రాసిమ్మన్నాడు. అచ్చయిన లైన్లు కొట్టేసి, పక్కన సరైన స్కోరు రాసి సంతకం పెట్టాను. మిగతా మూడిళ్లకూ ఆయనే నన్ను వెంటబెట్టుకుని తిరిగాడు.

పన్నెండుకు చేవెళ్ల మైదానంలో ఏడుగురూ దిగారు. మంచు విడిపోయి తెల్లటి ఎండ పరుచుకుంది. కూతకు పోయిన మంజుల గొంతు సన్నగా, తెగకుండా సాగుతుంటే నా చుట్టూ ఉన్న జనం ఎటో జరిగిపోయినట్టయింది. 14-31తో ఓడిపోయారు. అందులో వింతేమీ లేదు, అవతలివాళ్లు బాగా ఆడారు.

ఆట అయ్యాక మంజుల దగ్గరికి వెళ్లి, నిన్నటి గెలుపును రేపు పేజీ పైన ఫొటోతో బాక్స్ చేస్తానని, ఈ ఓటమిని అందులో కలపనని మాటిచ్చాను. వింత ఫలితం పక్కన మామూలు ఫలితం పెడితే బాక్స్ చప్పబడుతుందని మా డెస్కులో అందరూ అనుకునేదే. ఆమె మోచేతి మీది మట్టి దులుపుకుంటూ విన్నది.

"ఓడింది గూడ రాయున్రి సార్. ఒక్క గెలిచిందే రాస్తే, మీరు ఇంటికొచ్చి పోయిన్రు గదా, గందుకే రాసిన్రంటరు."

సెలవు రోజైనా డెస్కుకు వెళ్లి, రెండు ఫలితాలూ ఒకే బాక్సులో, ఒకే సైజు అక్షరాల్లో పెట్టించాను. కింద, మొదటి స్కోరును తారుమారు చేసింది డెస్కేనని ఒక లైను రాశాను. ఓడిన జట్టుకు పేజీ పైన అంత చోటెందుకని మా ఎడిషన్ ఇన్‌ఛార్జి సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను.

ఆ తర్వాత రెండేళ్లలో ఇంకెన్నో వింత స్కోర్లు వచ్చాయి. చూసినవాళ్లు దొరికేదాకా ఒక్కటీ మార్చలేదు. ఒక ఫలితానికి ఎంత చోటివ్వాలో డెస్కు తేల్చవచ్చు. ఆ ఫలితం ఏమిటో తేల్చే అధికారం ఆడినవాళ్లది.