తెగులుకు కాపలా

ఆ రోజుల్లో మా అనంతపురం రైతులంతా వాన రావాలని మొక్కుకుంటుంటే, నేనొక్కణ్ణే వేరుశనగకు తెగులు రావాలని మొక్కుకునేవాణ్ణి. డెబ్బయ్యో దశకం చివర అది. పరిశోధన క్షేత్రంలో తాత్కాలిక ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగిస్తేనే ఉంటుంది. ఆకుమచ్చ తెగులును తట్టుకునే రకాన్ని వెతకడం నా పని. తట్టుకుంటుందో లేదో తెలియాలంటే ముందు తెగులు రావాలి కదా. మా మెట్టకు తెగులు కూడా నీళ్లుంటే తప్ప రాదు. అందుకని మచ్చలు పడిన ఆకులు ఊరూరా ఏరుకొచ్చి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు నలభై రకాల మొక్కల మీద చల్లి, సాయంత్రాలు తడి గోనెపట్టాలు కప్పేవాణ్ణి. (నాకు జ్వరమొస్తే మా అమ్మ కూడా ఇంత సేవ చేసి ఉండదు.) విత్తనాల కోసం విడపనకల్లు నుంచి వచ్చిన రైతొకాయన కాసేపు నిలబడి చూసి, "ఏమప్పా, మా చేండ్లకు లేని నీళ్లు తెగులుకు పోస్తాండావా?" అని వెళ్లిపోయాడు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

ఆ నలభై రకాల మధ్య, తెగులు సులువుగా పట్టే పాత రకాన్ని సాళ్లుగా వేశాం. పక్కవాటికి అంటించడమే దాని ఉద్యోగం. ఆకుల నీళ్లు చల్లిన పదిహేను రోజులకు ఆ సాళ్లలో నల్లమచ్చలు కనబడగానే ఎగిరి గంతేశాను. సరిగ్గా అప్పుడే ధర్మవరంలో మా అక్క పెళ్లి. వారం తర్వాత పెద్దసారు వచ్చి ఒక్కో రకాన్నీ పరీక్షిస్తారు, దాని మీదే నా పొడిగింపు. కూలీల మేస్త్రీని అందరం తాత అనేవాళ్లం. చేను ఆయనకు అప్పగించి, "జాగ్రత్తగా చూసుకో తాతా" అని బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి చేను పచ్చగా నవనవలాడుతోంది. ఒక్క మచ్చ లేదు. గంధకం వాసన గుప్పుమంది.

"ఏం చేసినావు తాతా?"

"పాపం, నువ్వు చల్లిన మందు పని చెయ్యల్యా నాయనా. మచ్చలాకులన్నీ గిల్లి మేకలకేసినా. మూడు దినాలు పొద్దున్నే గంధకం చల్లినా. పెద్దసారు ఆ జబ్బు చేను చూస్తే నీ ఉద్యోగం యాడుంటాది?"

"నిన్నెవరు చల్లమన్నారు?" అని అరిచాను.

"ఎవరూ చెప్పల్యా. చేనే చెప్పింది," అన్నాడు తాత, నాకేదో అయిందన్నట్టు చూస్తూ.

మరునాడు పెద్దసారు నేరుగా వెళ్లి ఆ పాత రకం దగ్గరే ఆగారు. అది మాత్రం పచ్చగా ఉండకూడదు. తాత ముందుకొచ్చి, నాకు మేలు చేస్తున్నాననుకుని, గంధకం సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. సారు చాలాసేపు నవ్వి, "తెగులు ఎందుకు పెంచుతున్నావో ఆయనకు ఎప్పుడైనా చెప్పినావా?" అని అడిగారు. చెప్పలేదు. పదిహేను రోజులు ఆయన చేత గోనెలు తడిపించాను గాని, ఎందుకో చెప్పాలని నాకు తోచలేదు. (చదువుకున్నవాణ్ణి కదా.) సారు దయతలచి ఇంకొక్క ఏడాది పొడిగించారు.

ఆ ఏడు అంతా వివరించి చెప్పాను. తాత తెగులుకు కాపలా కాశాడు, ఒక్క మేకను దగ్గరికి రానివ్వలేదు. కాని ఆ మచ్చలు చూడలేక సాళ్లకు వీపు పెట్టి కూర్చునేవాడు. చివరికి మూడు రకాలు నిలబడ్డాయి, వాటితో పాటు నా ఉద్యోగమూ.

తెగుళ్లు పెంచి పెన్షన్ తెచ్చుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు మేడ మీద నాలుగు మిరప కుండీలున్నాయి. మొన్న ఒక ఆకు మీద మచ్చ కనబడితే, అదేమిటో చూసే లోపలే నా చెయ్యి దాన్ని గిల్లి పారేసింది. "అదేం తెగులో చూసి చెప్తానంటిరి గదా, ఎవరు గిల్లమన్నారు?" అంది మా ఆవిడ.

మొక్కే చెప్పిందన్నాను. నాకు నవ్వొచ్చింది. ఆ మాట తాత వినుంటే బాగుండేదనిపించింది.