ముందుమాట చింపిన మధ్యాహ్నం

కాస్త ఇటు జరిగి కూర్చోండి, ఆ హీటరు మోతలో నా గొంతు మీదాకా రాదు. మా బావగారి పుస్తకం సంగతి చెబుతాను. నేను అయిదో తరగతి దాటలేదు గానీ, చెవిన పడ్డది మాత్రం పోనివ్వను.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. ఈ చలిదేశంలోనే హాలిఫాక్స్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరై, స్కార్‌బరోలో మా దగ్గరే ఉంటున్నారు. పదకొండేళ్ళు కూర్చుని తెలుగులో ఒకే ఒక్క పుస్తకం రాశారు. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో రచయితలూ, వాళ్ళ పుస్తకాలు అచ్చేసేవాళ్ళూ ఎలా కొట్టుకు చచ్చారో అందులో ఉంటుంది. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే చదివి వినిపించేవారు. రచయిత పబ్లిషర్ని తిడుతూ పద్యం రాస్తే, పబ్లిషరు ఆ తిట్లనే అచ్చేసి అమ్ముకునేవాడట. ఇంకోడైతే రచయిత సొంత ఉత్తరాలు అడక్కుండా పుస్తకం వేసేశాడట.

"అంత చదువుకుని సిగ్గు లేదూ వాళ్ళకి?" అనేదాన్ని.

"ఆ కాలం వేరు అమ్మాయ్. ఇప్పుడు మనుషులు మారారు" అనేవారు.

మారారు, చాలా మారారు. వినండి.

బావగారి పుస్తకం వేసింది ఇక్కడికి దగ్గర్లోనే నార్త్ యార్క్‌లో ఉండే ఇంజనీరుగారు, బావగారికి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. విజయవాడలో అచ్చేయించి, దారంతో కుట్టించి, ముందుగా పాతిక కాపీలు తెప్పించారు. శనివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో ఆవిష్కరణ. శుక్రవారం మధ్యాహ్నం పెట్టె మా ఇంటికొచ్చింది. బావగారు ఒక కాపీ కళ్ళకద్దుకుని తెరిచారు. అంతే, మొహం మాడిపోయింది. మొదటి ఎనిమిది పేజీలూ ఇంజనీరుగారి ముందుమాట! పైన ఆయన ఫొటో. కింద, 'ఈ రచయిత వాక్యాలకి నేను ఊపిరి పోయకపోతే ఇది పుస్తకమయ్యేదే కాదు' అని.

వెంటనే ఇంజనీరుగారికి ఫోను, స్పీకర్లో.

"ఏవండీ, సొంత డప్పు కొట్టుకోడానికి నా పుస్తకమే దొరికిందా?"

"ముందుమాట లేని పుస్తకం గుమ్మం లేని ఇల్లండీ, ప్రొఫెసరుగారూ."

"గుమ్మానికడ్డంగా మీరు పడుకుంటే లోపలికెవరొస్తారు?"

ఫోను పెట్టేసి, "అమ్మాయ్, రా, చింపేద్దాం" అన్నారు.

"కుట్టిన పుస్తకం బావగారూ..."

"నీకు తెలీదులే."

సరే, నాకేం తెలుసు! చిరుగు కనబడకూడదని కుట్టు దగ్గరికంటా లాగి, పాతిక ముందుమాటలూ పాత కాగితాలు పారేసే నీలం రీసైక్లింగ్ డబ్బాలో వేశాం. బావగారు సంబరంగా ఒక పుస్తకం ఎత్తారు. మొదటి అధ్యాయం జలజలా నేలమీద రాలింది. ఇంకోటి ఎత్తితే అదీ అంతే. కాగితాన్ని మడిచి కుడతారు కదా, ఒక సగం ఇంజనీరుగారిది, రెండో సగం బావగారిది. ఒకదాన్ని పీకితే రెండోది దేన్ని పట్టుకుని ఉంటుంది?

పెద్దాయన కుర్చీలో కూలబడ్డారు. "పదకొండేళ్ళమ్మా. రేపు జనం చేతిలో పెడితే నవ్విపోతారు."

బావగారి సగం ఒక్కటే కుట్టి చూశాను. అంచు చిరిగి దారం బయటికొచ్చేసింది. రెండు సగాలూ టేపుతో అతికించి, మడత మీద కుడితేనే నిలిచింది. "ఇంకేం చెయ్యలేను బావగారూ, ఇంజనీరుగారిని డబ్బాలోంచి పైకి తియ్యండి" అన్నాను.

తీశారు. ఒక్కో ఫొటో అరచేత్తో సాపుచేసి అందిస్తుంటే, నవ్వాపుకోలేక సూది వేలికి పొడుచుకున్నాను. తెల్లదారం అయిపోతే రవికలు కుట్టే ఎర్రదారం ఎక్కించాను. మర్నాడు మధ్యాహ్నానికి పాతికా అయ్యాయి.

సభలో ఇంజనీరుగారు పుస్తకం తెరిచి, ఎర్రదారం చూసి, మైకు లాక్కున్నారు. "ప్రొఫెసరుగారి అభిమానం చూడండి! నా ముందుమాట ఎక్కడ ఊడిపోతుందోనని చేత్తో మళ్ళీ కుట్టించారు!"

జనం చప్పట్లు. బావగారి వంక చూశాను. ముందు వరసలో ఎవరో మొదటి అధ్యాయం పేజీలు తిప్పుతున్నారు, ఒక్క కాగితమూ రాలడంలేదు. బావగారు పళ్ళు బిగబట్టి, తనూ చప్పట్లు కొట్టారు.

మీ పొయ్యి మీద అన్నం ఎప్పుడూ ఉడుకుతుండాలి. మీ ఇంటిల్లిపాదికీ బోలెడు చదువు రావాలి, దాని వెనకాలే కాస్త బుద్ధీ రావాలి. చల్లగా ఉండండి.